లాప్‌టాప్‌కు అదనపు వారంటీ కొనాలా? – ఒక లెక్కల పాఠం

పన్నెండో తరగతి పరీక్షలు ముగిసే రోజుల్లో మన బడికి వచ్చే తల్లిదండ్రుల మధ్య ఒక మాట తప్పకుండా నడుస్తుంది. పిల్లవాడు ఇంజనీరింగ్ చదవడానికి ఇండియా వెళ్తున్నాడు, లాప్‌టాప్ కొనాలి, ఏది కొనాలి? సాఫ్ట్‌వేర్‌లో పని చేస్తాను కాబట్టి నన్నూ అడుగుతుంటారు. ఈ ప్రశ్నకు సలహా చెప్పేవాళ్ళకు కొదవ లేదు. కానీ లాప్‌టాప్ ఎంచుకుని బిల్లు కట్టే చోటికి వెళ్ళాక ఎదురయ్యే రెండో ప్రశ్నకు మాత్రం ఎవరూ సిద్ధపడి ఉండరు. "సర్, ఇంకో రెండేళ్ళు ఎక్స్‌టెండెడ్ వారంటీ వేయమంటారా?" అని సేల్స్ కుర్రాడు హిందీలో అడుగుతాడు. వెనక నలుగురు నిలబడి ఉంటారు. ఆయన ఆవిడ వంక చూస్తారు, ఆవిడ పిల్లవాడి వంక చూస్తుంది. అర నిమిషంలో ముప్పై నలభై దినార్ల నిర్ణయం జరిగిపోతుంది.

ఆ అర నిమిషం రాకముందే ఇంట్లో కూర్చుని వేసుకోవలసిన లెక్క ఇది. శాతాలు నేర్చుకున్న పిల్లలకు పూర్తిగా అర్థమవుతుంది. చిన్న పిల్లలకు అమ్మానాన్నలు చదివి చెప్పండి.

ముందు మాటల సంగతి చూద్దాం. ఇది తెలుగు బడి పుస్తకం కదా!

వారంటీకి అచ్చమైన తెలుగు మాట "పూచీ". "దీనికి నాది పూచీ" అంటే ఏదైనా తేడా వస్తే నేను చూసుకుంటాను అని అర్థం. "హామీ" కూడా వాడతాం. మూడో మాట "జామీను". ఇప్పుడు కోర్టు వార్తల్లో తప్ప ఎక్కువగా వినపడదు కానీ, ఒకప్పుడు ఊళ్ళో అప్పు తీసుకునేవాడికి ఇంకొకరు జామీను ఉండేవారు. పిల్లలూ, మీ ఇంట్లో ఫ్రిజ్‌దో, టీవీదో వారంటీ కార్డు తీసి అరబ్బీ వైపు చూడండి. పైన పెద్ద అక్షరాలతో "దమాన్" అని ఉంటుంది. దమాన్, జామీను ఒకే ధాతువు నుంచి పుట్టిన మాటలు. ఇక్కడ అందరూ "రమదాన్" అనే మాటను మనం "రంజాన్" అంటాం చూడండి, అదే అక్షరం, అదే మార్పు. అరబ్బీ మాట పారశీకం, ఉర్దూల మీదుగా తెలుగులోకి వచ్చేసరికి "ద" కాస్తా "జ" అయింది.

దమాన్ కింద "షురూత్" అని ఉంటే అవి మన "షరతులు". "తారీఖ్" మన తారీఖే. సామాను చేరవేసే లారీల మీద కనపడే "నఖ్ల్" మన "నకలు"కు మూలం. లారీ సామానును ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారిస్తే, నకలు రాసేవాడు రాతను ఒక కాగితం నుంచి ఇంకో కాగితానికి మారుస్తాడు. పాత భవనాలు బాగుచేసే చోట బోర్డు మీద ఉండే "తర్మీమ్" మన "మరమ్మతు"కు చుట్టం. అరబ్బీ రాదని భయపడే మన పిల్లలు కూడా తెలుగు సాయంతో వారంటీ కార్డులో సగం పోల్చుకోగలరు. మాటలు చుట్టాలే గానీ షరతులు మాత్రం చుట్టరికం చూడవు. అందుకే వాటిని చదవాలి.

ఇక అసలు విషయం. కొత్త లాప్‌టాప్‌కు సాధారణంగా తయారీ కంపెనీ ఒక సంవత్సరం వారంటీ ఇస్తుంది. దాని ఖర్చు ధరలోనే కలిసి ఉంటుంది. అది కాక కువైట్‌లో 2014లో వచ్చిన 39వ నంబరు వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. దాని ప్రకారం లోపమున్న వస్తువును అందుకున్న 14 రోజుల్లోగా మార్చుకోవడానికి లేదా తిరిగి ఇచ్చేసి డబ్బు తీసుకోవడానికి కొన్నవారికి హక్కు ఉంది. కాబట్టి కొన్న మొదటి రెండు వారాలు లాప్‌టాప్‌ను అట్టపెట్టెలో దాచిపెట్టకుండా బాగా వాడి చూడాలి. "ఇండియా వెళ్ళాక తెరుద్దువుగానిలే" అని సీలు తీయకుండా సూట్‌కేసులో పెట్టడం మనవాళ్ళకు బాగా అలవాటు. ఆ అలవాటు వల్ల ఈ హక్కు చేజారిపోతుంది. వైఫై, కెమెరా, మైకు, స్పీకర్లు, ప్రతి యూఎస్‌బీ రంధ్రం, ప్రతి కీ మొదటి వారంలోనే పరీక్షించండి.

కౌంటర్ దగ్గర అమ్మేది ఆ మొదటి సంవత్సరం తరువాతి కాలానికి సంబంధించినది. పేరుకు వారంటీయే కానీ నిజానికి అది బీమా. చాలామంది కొద్దికొద్దిగా డబ్బు వేస్తారు, అందులో కొందరికి నష్టం వస్తే ఆ కుప్పలోంచి ఇస్తారు. చీటీ పాటలు తెలిసిన మనకు ఇది కొత్త కాదు. తేడా ఒక్కటే. చీటీలో అందరి డబ్బూ ఎప్పుడో ఒకప్పుడు వెనక్కి వస్తుంది, నిర్వాహకుడి కమీషన్ ఎంతో ముందే తెలుస్తుంది. ఇక్కడ ఆ రెండూ లేవు.

ఒక లెక్క చేద్దాం. లాప్‌టాప్ ధర 240 దినార్లు, రెండో, మూడో సంవత్సరాలకు అదనపు వారంటీ 36 దినార్లు అనుకుందాం. వంద కుటుంబాలు కొన్నాయి. కుప్పలో 3,600 దినార్లు చేరాయి. ఆ రెండేళ్ళలో వందలో 16 లాప్‌టాప్‌లు చెడిపోయాయి, ఒక్కో మరమ్మతుకు సగటున 75 దినార్లు అయింది అనుకుందాం. మొత్తం ఖర్చు 1,200. దీన్ని వంద మందికి పంచితే ఒక్కొక్కరికి 12 దినార్లు. అంటే సగటున 12 దినార్ల నష్టాన్ని తప్పించుకోవడానికి 36 దినార్లు కట్టారన్నమాట. మిగిలిన 2,400లో షాపు వాటా, బీమా కంపెనీ వాటా, ఆ సేల్స్ కుర్రాడి కమీషన్ ఉంటాయి. అతని మీద కోపం తెచ్చుకోనక్కర్లేదు. నెలకు ఇన్ని అమ్మాలని అతనికీ టార్గెట్ ఉంటుంది.

ఇవి నేను అనుకున్న అంకెలే. మరి నిజంగా ఎన్ని చెడిపోతాయి? అమెరికాలో స్క్వేర్‌ట్రేడ్ అనే సంస్థ 2009లో 30 వేలకు పైగా లాప్‌టాప్‌ల లెక్కలు తీసి ప్రకటించింది. మూడేళ్ళలో 31 శాతం లాప్‌టాప్‌లకు ఏదో ఒక సమస్య వచ్చింది. అందులో 20.4 శాతం యంత్రం దానంతట అది చెడిపోవడం, 10.6 శాతం కింద పడటం, నీళ్ళు ఒలకడం వంటి ప్రమాదాలు. ఈ లెక్క చూసేటప్పుడు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ఒకటి, స్క్వేర్‌ట్రేడ్ తనే వారంటీలు అమ్మే కంపెనీ. రెండు, ఆ రోజుల్లో లాప్‌టాప్‌లలో గిర్రున తిరిగే హార్డ్ డిస్కులు ఉండేవి. ఇప్పటివాటిలో చాలావరకు కదిలే భాగాలు లేని ఎస్ఎస్‌డీలు ఉన్నాయి, కాబట్టి ఆ రకం రోగం తగ్గింది. మరోవైపు ఇప్పటి పలుచటి లాప్‌టాప్‌లలో మెమరీని మదర్‌బోర్డుకే అతికించేస్తున్నారు. చిన్న భాగం పోయినా బోర్డు మొత్తం మార్చమంటారు, ఖర్చు పెరుగుతుంది. ఇలా ఒకటి తగ్గింది, ఒకటి పెరిగింది.

ఎప్పుడు చెడిపోతాయి అన్నది కూడా ముఖ్యమే. ఇంజనీరింగ్‌లో "బాత్‌టబ్ కర్వ్" అని ఒకటి చెబుతారు. గ్రాఫు గీస్తే స్నానాల తొట్టి ఆకారంలో ఉంటుంది. తయారీలో లోపం ఉన్నవి మొదటి నెలల్లోనే పోతాయి, అది తొట్టికి ఒక గోడ. ఆ తరువాత చాలాకాలం చెడిపోవడం తక్కువ, అది అడుగుభాగం. చివర్లో అరుగుదల వల్ల మళ్ళీ పెరుగుతుంది, అది రెండో గోడ. మొదటి గోడను కంపెనీ వారంటీ ఉచితంగా కాస్తుంది. మనకు డబ్బుకు అమ్మేది ఎక్కువగా ఆ చదునైన అడుగుభాగం. ఇక అరుగుదలతో ముందుగా పోయేది బ్యాటరీ. "అరిగిపోయే భాగాలకు వర్తించదు" అనే షరతు కింద దాన్నే తీసేస్తారు.

ఇంతవరకు చదివి "అయితే వారంటీ కొనకూడదు, అంతేగా" అనుకోకండి. సగటు లెక్కతోనే అన్నీ తేలిపోతే ప్రపంచంలో ఎవరూ ఏ బీమా కొనరు. ఈ చిక్కును 1738లోనే డేనియల్ బెర్నూలీ అనే స్విస్ గణిత శాస్త్రవేత్త విప్పాడు. ఫిజిక్స్‌లో బెర్నూలీ సూత్రం చదువుతారే, ఆయనే. ఆయన ఇచ్చిన ఉదాహరణ ఇది. రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఒక వర్తకుడు ఆమ్‌స్టర్‌డామ్‌లో సరుకు కొన్నాడు. ఓడలో క్షేమంగా చేరితే అది 10,000 రూబుళ్ళకు అమ్ముడవుతుంది. ఆ కాలంలో బయలుదేరే ప్రతి వంద ఓడల్లో ఐదు మునిగిపోతాయి. బీమా చేయించాలంటే 800 రూబుళ్ళకు తక్కువకు ఎవరూ ఒప్పుకోవడం లేదు. సగటు నష్టం పదివేలలో ఐదు శాతం, అంటే 500. మరి 500 నష్టానికి 800 కట్టడం తెలివైన పనేనా?

బెర్నూలీ జవాబు: అది ఆ వర్తకుడి దగ్గర ఇంకెంత ఆస్తి ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. ఆయన లెక్క ప్రకారం ఈ సరుకు కాక వర్తకుడి దగ్గర 5,043 రూబుళ్ళ కంటే తక్కువ ఉంటే బీమా కొనాలి, ఎక్కువ ఉంటే కొననక్కర్లేదు. ఓడ అదే, సముద్రం అదే, ధర అదే. ఒకరికి కొనడం సబబు, ఇంకొకరికి కాదు. ఎందుకంటే ఉన్నవాడికి వంద పోతే కలిగే బాధ, లేనివాడికి వంద పోతే కలిగే బాధ ఒకటి కావు. లెక్కల్లో బాధకు కూడా ఒక కొలత పెట్టవచ్చని చూపించిన వ్యాసం అది. పెద్ద తరగతులకు వెళ్ళాక లాగరిథమ్‌లు చదివే పిల్లలు ఈ 5,043 ఎలా వచ్చిందో మీరే తేల్చుకోవచ్చు.

ఇప్పుడు కువైట్‌కు వద్దాం. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేస్తున్న ఇంట్లో ఒక లాప్‌టాప్ పోతే చిరాకు పడతారు, ఆ నెల బయట భోజనాలు తగ్గించుకుని ఇంకొకటి కొంటారు. వాళ్ళకు వారంటీ అనవసరం అని నా అభిప్రాయం. అదే ఫర్వానియాలో నలుగురితో గది పంచుకుని, జీతంలో తొంభై పాళ్ళు ఇంటికి పంపిస్తూ, రాత్రిపూట లాప్‌టాప్ మీద ఏదో కోర్సు చదువుకుంటూ మంచి ఉద్యోగానికి ప్రయత్నిస్తున్న కుర్రాడి సంగతి వేరు. ఆ యంత్రం పోతే 240 దినార్లతో పాటు అతనికి ఆరు నెలల కాలం కూడా పోతుంది. అతను 36 దినార్లు కట్టి నిశ్చింతగా ఉండటంలో తప్పేమీ లేదు, షరతులు మంచివైతే.

అన్నిటికంటే నేను గట్టిగా చెప్పదలచుకున్నది చదువుకోసం ఇండియా వెళ్ళే పిల్లల సంగతి. ఏప్రిల్‌లోనో మేలోనో ఇక్కడ కొంటారు. జూలై, ఆగస్టుల్లో పిల్లవాడు హైదరాబాదులోనో, విజయవాడలోనో, చెన్నైలోనో హాస్టల్లో ఉంటాడు. అదనపు వారంటీ మొదలయ్యేది వచ్చే ఏడాది ఏప్రిల్లో. అప్పటికి లాప్‌టాప్ కువైట్‌లోనే లేదు! షాపు అమ్మే పథకాల్లో చాలావరకు ఆ షాపు సర్వీస్ సెంటర్‌కు తీసుకువస్తేనే పనిచేస్తాయి. సెమిస్టర్ మధ్యలో మదర్‌బోర్డు పోతే, దాన్ని మోసుకువచ్చే చుట్టం కోసం వెతకాలి, ఇక్కడ వారాల తరబడి బాగుచేయించాలి, మళ్ళీ వెళ్ళేవారితో పంపాలి. ఈలోగా పిల్లవాడు ప్రాజెక్టు దేనిమీద చేయాలి? రెండో, మూడో సంవత్సరాల్లో ఆ యంత్రం ఏ దేశంలో ఉంటుందో మొదట తేల్చుకోండి. ధర సంగతి ఆ తరువాత.

ఇలాంటివారు అడగవలసింది తయారీ కంపెనీ స్వయంగా ఇచ్చే అంతర్జాతీయ వారంటీ గురించి. కొన్ని కంపెనీలు ఇస్తాయి, కొన్ని కొన్ని మోడళ్ళకే ఇస్తాయి. షాపువాడి నోటిమాట చాలదు. లాప్‌టాప్ అడుగున ఉండే సీరియల్ నంబరును కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి ఏ దేశంలో ఏది వర్తిస్తుందో చూడాలి. ఆ మోడల్ ఇండియాలో అమ్మకంలో ఉందో లేదో కూడా చూడండి. లేకపోతే విడిభాగాలకు ఇబ్బంది. అరబ్బీ అక్షరాలున్న కీబోర్డు పోతే అక్కడ అలాంటిదే దొరకకపోవచ్చు. ఒకే మోడల్ రెండు చోట్లా దాదాపు ఒకే ధరకు దొరుకుతుంటే, నా ఓటు ఇండియాలో కొనడానికే. ఇక్కడి నుంచే తీసుకువెళ్ళేటట్లయితే 18 ఏళ్ళు నిండిన ప్రయాణికుడు ఒక లాప్‌టాప్‌ను కస్టమ్స్ సుంకం లేకుండా తీసుకువెళ్ళవచ్చు. పదిహేడేళ్ళ పిల్లవాడి పేరున ఈ మినహాయింపు రాదు, వెంట వెళ్ళే పెద్దవారు తమ లెక్కలో పట్టుకువెళ్ళాలి. కరెంటు గురించి బెంగ అక్కర్లేదు. ఛార్జర్లు 100 నుంచి 240 వోల్టుల వరకు పనిచేస్తాయి. మన బల్లపరుపు పిన్నుల ప్లగ్గుకు బదులు అక్కడి గుండ్రటి పిన్నుల త్రాడు కొంటే సరిపోతుంది.

షరతుల్లో చూడవలసినవి మరికొన్ని ఉన్నాయి. పూచీ పడేది ఎవరు – తయారీ కంపెనీయా, షాపా, మూడో కంపెనీయా? "రెండేళ్ళ వారంటీ" అంటే మొదటి ఏడాది కాక రెండా, దానితో కలిపి రెండా? బాగుచేసి ఇస్తారా, కొత్తది ఇస్తారా, వాళ్ళ షాపులోనే వాడుకునే వోచర్ ఇస్తారా? ప్రమాదాలు ఇందులో ఉన్నాయా? నాకు తెలిసినంతలో ఈ చివరి ప్రశ్నకే ఎక్కువ విలువ. హాస్టల్ కుర్రాళ్ళ లాప్‌టాప్‌లు వాటంతట అవి చెడిపోవడం కన్నా మంచం మీద నుంచి జారిపడటం, టీ ఒలకడం ఎక్కువ. మామూలు ఎక్స్‌టెండెడ్ వారంటీ వీటిని ముట్టుకోదు. ప్రమాద రక్షణ అని విడిగా ఉంటే, అదీ తయారీ కంపెనీది, ఇండియాలో చెల్లేది అయితే, డబ్బు పెట్టదగ్గది అదే.

"ఈ రోజే తీసుకోవాలి సర్, మళ్ళీ కుదరదు" అంటే తొందరపడకండి. కంపెనీ వారంటీని చాలా బ్రాండ్లు మొదటి ఏడాది నడుస్తుండగా ఎప్పుడైనా పొడిగించుకోనిస్తాయి. కొన్ని మాత్రం 60 రోజుల వంటి గడువు పెడతాయి. బ్రిటన్‌లో ఈ ఒత్తిడి అమ్మకాల మీద 2003లో పెద్ద విచారణ జరిగింది. 2005లో వచ్చిన ఉత్తర్వు ప్రకారం అక్కడి షాపులు వారంటీ ధరను వస్తువు ధర పక్కనే చూపించాలి, చెప్పిన ధరకే 30 రోజుల్లో ఎప్పుడైనా ఇవ్వాలి, కొన్నాక 45 రోజుల్లో వద్దంటే డబ్బు పూర్తిగా వెనక్కి ఇవ్వాలి. ఒక నెల ఆలోచించుకునే గడువు కావాలని ఒక ప్రభుత్వమే అనుకుందంటే, అర నిమిషంలో తేల్చమనడం ఎంత అన్యాయమో చూడండి.

ఇక్కడి ఎండ, దుమ్ము గురించి రెండు మాటలు. 2016 జూలై 21న మిత్రిబాలో 53.9 డిగ్రీల వేడి నమోదైంది. నీడలోనే అంత ఉంటే, ఎండలో నిలిపిన కారు లోపల ఇంకా చాలా ఎక్కువ. ఆపిల్ తన లాప్‌టాప్‌లను 45 డిగ్రీలు దాటిన చోట పెట్టవద్దని చెబుతుంది. కాబట్టి కూరగాయలు కొనడానికి దిగినప్పుడు లాప్‌టాప్‌ను కారు డిక్కీలో వదలకండి. 2022 మేలో విమానాలు ఆగిపోయేంత దుమ్ము తుఫాను వచ్చింది. అలాంటి "తోజ్" రోజుల్లో కిటికీ పక్కన బల్ల మీద లాప్‌టాప్ తెరిచి ఉంచితే ఫ్యాను దుమ్మునంతా లోపలికి పీలుస్తుంది. వేడి వల్ల, దుమ్ము వల్ల చెడిపోతే "వాడకంలో లోపం" అని షరతుల్లో ఒక వాక్యం దొరుకుతుంది. ఏడాదికోసారి శుభ్రం చేయించడానికి అయ్యే కొద్ది దినార్లు ఏ వారంటీ కన్నా మంచి ఖర్చు. వారంటీ గడువులో ఉంటే మాత్రం సర్వీస్ సెంటర్‌లోనే చేయించండి. గడువు దాటాక హవల్లీలో ఇబ్న్ ఖల్దూన్ వీధి ఉంది, అక్కడ సికింద్రాబాద్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది. రెండు మూడు చోట్ల బేరం అడిగితే మరమ్మతు ఖర్చు కంపెనీ చెప్పినదానికి చాలా దిగువన తేలుతుంది.

బిల్లు గురించి కూడా. ఇక్కడ "ఫాతూరా" అంటారు. షాపులు ఇచ్చేది చాలావరకు వేడికి రంగు మారే థర్మల్ కాగితం. కారు డాష్‌బోర్డులో నాలుగు రోజులుంటే నల్లబడుతుంది, బీరువాలో రెండేళ్ళుంటే అక్షరాలు మాయమవుతాయి. కొన్న రోజే నకలు తీసి, ఫోనులో ఫోటో తీసి, ఈమెయిల్‌లో కూడా పెట్టుకోండి. బిల్లు లేని పూచీ పూచీ కాదు.

ఏ వారంటీ అయినా యంత్రాన్ని బాగుచేస్తుంది, అందులోని ఫోటోలనూ, ప్రాజెక్టునూ తెచ్చి ఇవ్వదు. బాగుచేసేటప్పుడు అవి చెరిగిపోతే మాకు సంబంధం లేదని షరతుల్లోనే ఉంటుంది. అందుకే మామూలు ఉద్యోగస్తుల కుటుంబాలకు నా సలహా: ఆ 36 దినార్లలో సగంతో బయటి హార్డ్ డిస్క్ ఒకటి కొని వారానికోసారి అన్నీ అందులోకి నకలు తీయండి. మిగతా సగం ఇంట్లో ఒక డబ్బాలో వేసి, దాని మీద "మన జామీను" అని పిల్లలతో తెలుగులో రాయించండి. ఫోను, టీవీ, వాషింగ్ మెషీన్ కొన్నప్పుడు కూడా వద్దన్న వారంటీ డబ్బు అందులోనే వేయండి. ఏది చెడిపోయినా ఆ డబ్బాలోంచే తీయవచ్చు.

పిల్లలకు ఇంటిపని:

1. ఒక లాప్‌టాప్‌కు అదనపు వారంటీ 27 దినార్లు. సగటు మరమ్మతు ఖర్చు 60 దినార్లు. వందలో ఎన్ని లాప్‌టాప్‌లు చెడిపోతే కట్టిన డబ్బు, తిరిగి వచ్చిన డబ్బు సమానమవుతాయి?

2. బెర్నూలీ చెప్పిన వర్తకుడి లాంటివారు వంద మంది 800 రూబుళ్ళ చొప్పున బీమా కట్టారు. ఐదు ఓడలు మునిగాయి. బీమా ఇచ్చినవాడికి చివరికి ఎంత మిగిలింది? ఆ ఏడాది తొమ్మిది ఓడలు మునిగితే అతని గతేమిటి?

3. మీ ఇంట్లోని ఏదైనా ఒక వారంటీ కార్డు తీసి, దమాన్, షురూత్, తారీఖ్ అనే మాటలు ఎక్కడున్నాయో అరబ్బీ చదవగలిగిన స్నేహితుడిని అడిగి గుర్తు పెట్టండి. అందులోని షరతులను మీ సొంత తెలుగులో ఐదు వాక్యాల్లో రాసి, సెలవుల తరువాత మొదటి శుక్రవారం తరగతికి కార్డు నకలుతో సహా తీసుకురండి. అసలు కార్డు మాత్రం ఇంట్లోనే ఉంచండి!